ఆరని నూనె

సాలూరు బైపాస్ పక్కన
లారీల వెనక తలుపులకి నెమళ్లు వేసేవాణ్ణి నేను.
ఎనామిల్ నాలుగ్గంటల్లో ఆరిపోతుంది,
సాయంత్రానికి బండి ఘాటీ ఎక్కేస్తుంది.
నా నెమళ్లు రాయపూర్ దాకా చూశాయి గానీ
నేను చూసింది ఒక్కటే ఆయిల్ పెయింటింగు.
నూటపదేళ్లయినా అది ఆరలేదు.

వేసినవాడు డెట్లెఫ్ పాల్సెన్.
మా ఊరి నోట్లో పడి దెట్లప్ప దొర అయ్యాడు.
జర్మనీకి చిట్టచివర, చలి సముద్రం ఒడ్డున,
ఎండుచేపల వాసన ఊరివాడట.
అక్కడ ఓ ప్రదర్శనకి మూడు బొమ్మలు పంపితే
గుమ్మం పైన, మెడలు నొప్పిపుట్టే ఎత్తులో తగిలించారట.
ఒక్కటీ అమ్ముడుపోలేదు.
మూడింట్లోనూ ఉన్నది బురద, ఆకాశం,
మధ్యన ఓ గీత.

అక్క మొగుడు ఇక్కడ మిషన్ పాస్టరు.
"చర్చికి గోడలు లేచాయి, వచ్చెయ్" అని ఉత్తరం.
బొబ్బిలి నుంచి ఎడ్లబండిలో
పెట్టెడు రంగు పొడులతో దిగాడు.

మా ముత్తాత పోలయ్యకి అప్పుడు పన్నెండేళ్లు.
రాతి మీద రంగు నూరే పని, రోజుకి అర్ధణా.
"ఎండలోకొస్తే కళ్లంట నీళ్లు కారీవి ఆ దొరకి.
ఈ ఎలుగేటి పోలీ, ఇసక పోసినట్టున్నాదీ అనీవోడు."

మొదటి ఏడు వేగావతిని వేశాడు.
ఏరు ఏరులాగే ఉంది, పైన ఆకాశం మాత్రం
వాళ్ల ఊరిది, బూడిద రంగు.
సంతని వేశాడు. చింతపండు, పసుపుకొమ్ములు, కుండలు.
పైన అదే బూడిద.
"వాన లేదు కదా బాబూ" అన్నాడట పోలయ్య.
దొర కుంచె కడిగేసి
ఆ పూటకి మరి ముట్టలేదు.

తర్వాత, చర్చి కోసం క్రీస్తు.
అడ్డాకుల కావడితో కొండ దిగిన ఆరిక సుక్కయ్యని
పదకొండు రోజులు నీడన నిలబెట్టాడు,
రోజుకి సోలెడు చోళ్లు కూలి.
శిలువ ఉండాల్సిన భుజం మీదికి కావడే వచ్చింది.
పాదాలకి మేకులు లేవు, పగుళ్లున్నాయి.
పాస్టరు బావ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని
"ఇది గోడకి వద్దు" అన్నాడు.
ఆ వానాకాలమంతా
వంటింటి కిటికీకి అడ్డంగా నిలబడ్డాడు క్రీస్తు,
ముఖం లోపలికి,
జల్లు వీపున కాసుకుంటూ.

పద్నాలుగులో యుద్ధం.
ఓడలు ఆగాయి. అవిసె నూనె అడుగంటింది.
పోలయ్య కొండ సంతకి పోయి వలిసె నూనె తెచ్చాడు.
ఆ కార్తీకం వాలు మొత్తం వలిసెలు విరగబూశాయట.
దొర అక్కడిదాకా నడిచి, టోపీ తీసి,
కళ్లు తుడుచుకోకుండా
పసుపు వేశాడు.
ఆకాశానికి చోటే మిగల్చలేదు.
అంచు నుంచి అంచుకి పూలే.
"పువ్వుని దాని నూనెతోనే ఏసీసేను పోలీ" అని నవ్వాడట.

వలిసె నూనె ఆరదు.
దొరకి తెలీదు. తెలుసేమో కూడా.
కుడిమూల ఇంకా తెల్లగా ఉండగానే పోలీసులొచ్చారు,
జర్మనీవాడు కాబట్టి శత్రువు.
అహ్మద్‌నగర్ క్యాంపు అన్నారు.
తడి బొమ్మని వెంట తీసుకుపోనివ్వలేదు.
దాచబోయిన పోలయ్య బొటనవేలు
పసుపులో దిగబడిపోయింది.

తర్వాత ఏమయ్యాడో మాకెవరికీ తెలీదు.
ఓ కార్డు వచ్చిందంటారు. చదివేదెవరు?
క్రీస్తుని చెదలు తినేశాయి.
సంతా, ఏరూ ఏ బంగ్లా గోడతో కూలాయో.

ఇదొక్కటీ మా అటక మీదుంది.
చలికాలం బిగుస్తుంది,
వైశాఖం రాగానే మెత్తబడి దుమ్ము తాగుతుంది.
ఒక దోమ, కాస్త ఊక, మా నాన్న బీడీ బూడిద
ఆ పూలలోకి వెళ్లి ఇక బయటికి రాలేదు.
దొర సంతకం ఉండాల్సిన చోట
మా ముత్తాత వేలిముద్ర.

మొన్న పాచిపెంట బండికి నెమలి వేసి
చుట్టూ పసుపు నింపుతూ, ఎందుకో,
డబ్బాలో ఓ చుక్క బూడిద కలిపాను.
డ్రైవరు టీ గ్లాసుతో వచ్చి చూసి
"మబ్బట్టినట్టున్నాదేటి గురూ" అన్నాడు.
"ఆరనీ" అన్నాను.