ఎద్దుల గది

తలుపు మీద చెక్కపలక: ఎద్దుల గది.
రెండు రాత్రులకి పదమూడు వేలు,
పొద్దుటి ఉప్మాతో కలిపి.
రిటైరైన వాళ్ళకి యూనియన్ తీసిన చీటీలో
మా పేరు తగిలింది కాబట్టి గానీ
నూకరత్నం ఈ గుమ్మం తొక్కేదా?

ఆనందపురంలో బస్సు దిగి
పూల మార్కెట్ దాటి
జీడితోటల్లోంచి ఆటో, మట్టిరోడ్డు.
ఒకప్పుడిది ఎవరిదో మకాం.
కూలుతున్న గోడని నిలబెట్టి
గానుగ సున్నం పూసి
పెంకు పెంకూ కడిగి మళ్ళీ నేసి
లాసన్స్ బే మేడమ్ గారెవరో
దీన్ని గదులుగా పంచారు:
ధాన్యం గది, చుట్టిల్లు, ఎద్దుల గది.

రాతి కుడితిగోలెం ఇప్పుడు
చేతులు కడుక్కునే తొట్టి.
దాని పైన అద్దం.
అద్దంలో నా ముఖం
తాగడానికి వంగిన ముఖంలా ఉంది.

నూకరత్నం మంచం చుట్టూ ఒకసారి తిరిగింది.
దుప్పటి వాసన చూసింది.
"మా కన్నోరింట్లో పేడకళ్ళు ఎత్తలేక
పట్నం సంబంధం చెయ్యమని ఏడ్చీసేను.
తిప్పి తిప్పి సాలలోకే తెచ్చీసినావు."
నవ్వి, ఏసీ పదహారుకి పెట్టింది.

ఆమె నిద్రపోయాక
గోడవార రాట మీద నా చెయ్యి పడింది.
మోకాలెత్తున ఒక గాడి.
ఎంత పాలిష్ పెట్టినా దాగలేదు.
చూపుడు వేలు పెట్టాను,
పట్టింది.

హార్బర్లో నేను పనిచేసిన బెర్తు దగ్గర
ఇనప గుంజకి ఇలాంటిదే ఉంది.
ముప్పై ఒక్క ఏళ్ళు
ఏ దేశపుదో ఓడ వచ్చేది, మోకు విసిరేది,
అందుకుని గుంజకి తగిలించేవాణ్ణి.
ఓడ రాత్రంతా
కొంచెం వెనక్కి గుంజేది, కొంచెం వదులయ్యేది.
అలా అలా ఇనుము అరిగిపోయేది.
ఇక్కడ జనప పలుపు, టేకు రాట.
లాగినదెవరో.

పొద్దున్న ఉప్మా తెచ్చిన అసిరినాయుణ్ణి అడిగాను.
పళ్ళెం దించకుండానే చెప్పాడు:
"అది మైలోడిది బావూ.
కర్రోడు ఇటేపు, మీ తలగడ కాడ.
కర్రోడు మంచోడు, తొంగుంటే లెగడు.
మైలోడికి ఉరుము గిట్టదు.
వానరాత్రి పీకులాటే పీకులాట,
పైన పెంకులు కదిలిపోయేవి.
మా అయ్య ఇక్కడ పాలికాపు.
లెగిసొచ్చి, గంగడోలు రాస్తా
ఆడితోపాటు తెల్లారేదాకా నిలబడేవోడు."

"ఏమయ్యాయి?"
"ట్రాక్టరొచ్చింది గదా" అన్నాడు.
ఇంకో రెండు జీడిపప్పులు
నా పళ్ళెంలోకి తోశాడు.

రెండో రాత్రి గోస్తనీ వైపు నుంచి వాన.
కరెంటు పోయింది.
ఏసీ ఆగాక
గది తన పాత ఊపిరి తీసింది:
తడి సున్నం, ఎండుగడ్డి, ఇంకేదో వెచ్చటిది.
ఉరిమింది.
ఎప్పుడు లేచానో, రాట పట్టుకుని నిలబడి ఉన్నాను.
అరచేతిలో గాడి.
"ఏటి చేస్తన్నావ్ చీకట్లో?"
"ఏం లేదు, పడుకో."
"నువ్వు ఒడ్డున లేపోతే ఓడ పోద్దేటి?"
అటు తిరిగి పడుకుంది.
ఉరుములు ఆనందపురం దాటేదాకా
నేను అక్కడే ఉన్నాను.

వెళ్ళేటప్పుడు పుస్తకంలో అభిప్రాయం రాయమన్నారు.
దోమలు లేవు, నీళ్ళు తీపిగా ఉన్నాయి,
అని రాసింది నూకరత్నం.
పెన్ను నాకిచ్చింది. సంతకం పెట్టాను.

ఆటో జీడితోటలు దాటి
తారురోడ్డెక్కాక అంది:
"ఆ గోలెం అంచు తడిమేవా?
ఎంత నున్నగుందో.
మేడమ్ గారు చేయించిన నునుపు కాదది.
నాలికలది."
కాసేపాగి,
"తాళం ఇచ్చీసేవా?" అంది.
నా జేబులోనే ఉంది.
ఆటో వెనక్కి తిప్పించాం.