పరఖీ

ఇంకా మంచం దిగకముందే ఫోన్ ఎత్తుతాను.
షికాగోలో గోధుమ రాత్రి ఎంతకు పడుకుంది,
నల్లసముద్రం ఒడ్డున ఎంతకు లేచింది.
మా ఆవిడ చాయ్ గ్లాసు పక్కన పెడుతూ
"ఇంట్లో పిండి అయిపోయి మూడు రోజులాయె,
ఆ ముచ్చట ఏ దేశం చెప్పాలె నీకు?" అంటుంది.

ఉస్మాన్‌గంజ్‌లో దలాలీ నా పని.
నా ఆయుధం పరఖీ:
జానెడు ఇనుము, కలంపాళీ లాంటి మొన, నడుమ గాడి.
గోనెసంచి డొక్కలో పొడిచి, తిప్పి లాగితే
గుప్పెడు గింజలు అరచేతిలోకి జారతాయి.
చిల్లును గోటితో గీకితే పూడుకుపోతుంది.
ఒక గింజ పంటికింద పెడతాను.
టక్కున విరిగితే సీహోర్ శర్బతీ.
సాగితే తేమ. పొడిగా రాలితే పురుగు.
నలభై ఏళ్ళుగా ఈ దేశాన్ని
గింజగింజగా కొరికి చూస్తున్నాను.

రష్యా గింజను ఎన్నడూ కొరకలేదు.
కెనడాది, ఆస్ట్రేలియాది, ఫ్రాన్సుది, అర్జెంటీనాది
ఏదీ కొరకలేదు.
వాటి ధరలే నన్ను కొరుకుతాయి.

మా నాయన మాత్రం అమెరికాది తిన్నాడు.
రేషన్ దుకాణం ముందు నిలబడి తెచ్చిన ఎర్రగోధుమ.
"రొట్టె చేస్తే చెప్పుతోలు, గట్క వండితే బంక"
అని తిట్టుకుంటూనే గిన్నె ఊడ్చేవాడు.
ఎవరో ఇచ్చిన సంచిగుడ్డతో అమ్మ నాకు లాగు కుట్టింది.
దానిమీద కలిసిన రెండు చేతుల బొమ్మ.
బళ్ళో నేను బల్లమీద కూర్చుంటే
రెండు దేశాలు నా కింద కరచాలనం చేస్తుండేవి.

ఆ ఏడు శివరాత్రికి ముందు
అక్కడ యుద్ధం మొదలై ఓడలు ఆగినప్పుడు
గంజ్‌లో మేమందరం లోపల్లోపల సంతోషించాం.
ఇది రాయకూడదు. రాస్తున్నాను.
ఎక్కడో గోధుమచేలల్లో మందుపాతరలు,
ఎక్కడో కైరోలో రొట్టెకోసం బారులు,
ఇక్కడ క్వింటాలుకు మూడొందలు ఎక్కువ.
నేనూ రెండు లారీలు కాండ్లా రేవుకు పంపాను.
నా సరుకు మొదటిసారి సముద్రం చూస్తుందని
ముందు సంచికి పసుపూ కుంకుమా పెట్టాను.

మే నెలలో ఒక రాత్రి ఢిల్లీ కాగితం వచ్చింది:
ఎగుమతి బంద్.

రేవు గేటు బయట లారీల వెనుక లారీలు.
డ్రైవర్ గాలయ్య పదకొండు రోజులు
నిండు గోధుమ లారీ నీడలో కూర్చుని
బియ్యం కొనుక్కొచ్చి వండుకున్నాడు.
"సేట్, రాత్రి సంచులమీద పండుకుంటే
కిందికెల్లి వేడొస్తుంది,
బతికున్నట్టే ఉన్నయ్" అన్నాడు ఫోన్‌లో.

తిరిగొచ్చాక పరఖీ పొడిచాను.
గింజ టక్కుమనలేదు.
కాటేదాన్ మిల్లువాడు మూతి విరిచి
వాడు చెప్పిన ధరకే తూకం వేసుకున్నాడు.

పత్తర్‌గట్టీ వెనుక సందులో
దస్తగీర్ మియా నాలుగు మూలల నాన్ తీస్తాడు.
మైదా పెరిగినా రేటు పెంచలేదు.
"ఎట్లా మియా?" అంటే
కొలిమిలోంచి తల బయటికి తీసి,
"మూలలు కోసుకుంటున్నా.
తినేటోడు నడుమనే చూస్తడు కద సాబ్."

మలక్‌పేట ఫుట్‌పాత్‌మీద ముక్తాబాయి
జొన్నరొట్టె తడుతూ నవ్వింది:
"నా జొన్న తాండూర్‌కెల్లి వస్తదన్నా,
తొవ్వల సముద్రం లేదు."
వారం తిరక్కుండా జొన్న కిలోకు నాలుగు పెరిగింది.
ఎందుకని ఆమె అడగలేదు.
నా చేతిలో ఫోన్ వంక
పాము వంక చూసినట్టు చూసింది.

రాత్రి చొక్కా విప్పుతుంటే
జేబు మూలన కాండ్లా గింజలు నాలుగైదు.
ఒకదానికి తెల్లగా, సూదిమొనంత మొలక.
అలవాటుగా పంటికింద పెట్టాను.
మెత్తగా ఉంది. తియ్యగా కూడా ఉందేమో.
కొరకాలో ఉమ్మాలో తేల్చుకోకముందే
మంచంమీద ఫోన్ వణికింది.
షికాగోలో దుకాణం తెరిచారు.