ఇటు చూడుండ్రి

నా కొలువు పరగడుపోళ్లతోని.
చాయ్ తాగకముందే
వాళ్ల మోచేతి మడతల నరం దొరకవట్టాలె.
ఐదుంబావుకు నాచారంల స్కూటీ తీస్త.
కాళ్లకాడ ఐసు డబ్బా,
అందుల ఊదా మూతలు, ఎర్ర మూతలు, బూడిద మూతలు,
అన్నీ ఖాళీ.
నగరం సుత అప్పటికి పరగడుపునే ఉంటది.

తార్నాక ఫ్లైఓవర్ మీద పొద్దు దొరుకుతది.
బండి ఆపొద్దని బోర్డుంటది.
ఆపుత.
ఎడమ చేతి గ్లౌజు పళ్లతోని గుంజి
ఒక్కటే ఫోటో. రెండోదానికి టైముండది.
ఫోను ఎప్పుడో కిందవడ్డది, కెమెరా అద్దానికి గీత.
అందుకే నా పొద్దులన్నిటికీ
కుడిపక్క సగం మీసం.

సూది పొడుస్తుంటే శానమంది సూదినే చూస్తరు.
చూస్తే చెయ్యి బిగుస్తది, నరం జారుతది.
అందుకని ఫోను దిండుకు ఆనిచ్చి చెప్త:
"ఇటు చూడుండ్రి. ఇయ్యాల్టిది. ఇంకా వేడి మీదనే ఉన్నది."

పొద్దును మాత్రం ఎవ్వరూ చూడరు.
మొదట్ల కొద్దిగ బాధయ్యేది.
రాంనగర్ భాగీరథమ్మ కొంగు సర్దుకుంట
"ఆ బాల్కనీల చద్దరు ఎవలదో,
రాత్రంత బయటనే మరిసిన్రు" అంటది.
బర్కత్‌పురా ఇంజినీరు సారుకు
మూత లేని నీళ్లట్యాంకు కనవడ్డది.
తొమ్మిదేండ్ల నిహిర ఏడుపు నడిమిట్ల ఆపి
"ఆంటీ, వైరు మీద గాలిపటం తోక!"
గంతల రెండు మిల్లీలు వచ్చేసినయి.

యాకుత్‌పురా ఖుర్షీద్ సాబ్ వేరు.
గడియారాల దుకాణం బందై ఏడేండ్లు,
కంటికి పెట్టుకునే అద్దం మాత్రం ఇంకా జేబులనే.
నా పొద్దు మీదికి ఆ అద్దం తోని వంగి
ఒకనాడు అడిగిండు:
"బేటీ, ఇది ఎక్కుతున్నదా, దిగుతున్నదా?"

పొద్దుగాల ఆరింటికి దిగుడేంది సాబ్, అని నవ్విన.
"నువ్వు చెప్పినవు గనక నాకెరుక.
ఫోటోకెట్ల ఎరుక?
ముల్లు లేని గడియారం ఇది."

ఫోన్ల జాగ లేదని మెసేజ్ వచ్చిన రాత్రి
ఎనిమిది వందల పొద్దులు ముందలేసుకొని కూసున్న.
కొన్ని పొడిచినయి. కొన్ని గూకినయి,
ల్యాబుల డబ్బా అప్పజెప్పి మళ్లేటప్పుడు
చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద తీసినయి.
తారీఖు కనవడకుండ వేలు అడ్డం పెట్టి చూసిన.
ముసలాయన మాట నిజమే.
అదే నారింజ, అదే గుండు, అదే మీసం.

అప్పుడు పొద్దును విడిచిపెట్టి
దాని సుట్టుపక్కల దేవులాడిన.
ట్రే మీద ట్రే పాలప్యాకెట్లు. ఇది పొడుపు.
బస్టాపుల పిల్ల, తడి జుట్టుకు ఒక్క క్లిప్పు. పొడుపు.
అదే బస్టాపు, ఇంకో పిల్ల,
టిఫిన్ డబ్బాను రెండేళ్లకు తగిలించుకున్న తీరు చూస్తే
లోపల ఏం లేదని ఎరుకైతది. గూకుడు.
ఇట్ల తేలినయి తేలినట్టు
శానమటుకు తీసేసిన.

ఒకదాని కాడ ఆగిన.
గల్లీ చివర్న పొద్దు,
ఈ దిక్కు సగం దాక ఉన్న షట్టరు.
దుకాణపాయన చేతులు షట్టరు మీద,
మొఖం రోడ్డు దిక్కు.
ఎత్తుతున్నడా? దించుతున్నడా?
పెద్దగ చేసి చూసిన, చిన్నగ చేసి చూసిన.
యాదికి రాలే.

నెల తిరిగినంక యాకుత్‌పురాల
రబ్బరు పట్టీ కట్టి, దూది రుద్ది,
ఆ ఫోటోనే దిండుకు ఆనిచ్చిన.
ఖుర్షీద్ సాబ్ అద్దం తీసిండు.
గోడల మీద ఆగిపోయిన గడియారాలు,
కిచెన్ల కుక్కర్ రెండు కూతలేసింది.

"మూసేటోడు ఒకసారి లోపలికి చూస్తడు, బేటీ.
షట్టరు మోకాలు దాక వచ్చినంక,
వంగి, ఒక్కసారి.
వీడు చూస్తలేడు."

మరి పొడుపే గద సాబ్, అన్న.
ఆయన అద్దం తియ్యలే.
గొట్టం ఎప్పుడు నిండిందో
ఇద్దరం చూసుకోలే.