గాలి కొట్టేవాడు

నిన్న పదకొండు దాకా రోడ్డు మూశారు అబ్బయ్యా,
షాపు తియ్యొద్దని ముందురోజే ఎస్సై చెప్పిపోయాడు.
సింగరాయకొండ దగ్గర ఈ కాస్త దూరం
నడుమ డివైడరు ఉండదు, గన్నేరు మొక్క ఉండదు.
ఎందుకని లారీవాళ్లు అడిగేవాళ్లు.
విమానాలు దిగడానికంటే నవ్వి,
ముందు ఈ టైరు సంగతి చూడు పెద్దాయనా అనేవాళ్లు.

నేను చూసిందీ టైర్లే.
ఇరవై రెండేళ్లు ఎయిర్‌ఫోర్సులో, చక్రాల షెడ్డులో.
ఊళ్లో విమానం మాలకొండయ్య అంటారు గానీ
కాక్‌పిట్‌లో ఒక్కనాడూ కూర్చోలేదు.
గాలి కొట్టాను.
అక్కడ నైట్రోజను, ఇక్కడ మామూలు గాలి, అంతే తేడా.
పైన అవేం చేస్తాయో పైలట్లు చెప్పాలి.
నేల తగిలినప్పుడు ఏం చేస్తాయో నన్నడుగు.

మిగ్ అని ఒకటుండేది. బల్లెం.
నువ్వు తల పైకెత్తేలోగా మబ్బు దాటేది.
రెక్క చిన్నది కదా, మెల్లగా దిగడం దానికి చేతకాదు.
వెనకాల గొడుగు విప్పితే గానీ ఆగేది కాదు.
నాలుగు రోజులకే టైరు అరిగి లోపలి నూలు కనపడేది.
కడుపూ చిన్నదే,
పోయిన కాసేపటికే ఇంటిదారి చూసేది.

జాగ్వార్‌ది వేరే పుటక.
కాలికి రెండేసి చక్రాలు, గతుకుల నేలన్నా బెదరదు.
తాళ్ల తోపు పక్కన నక్కి నక్కి పోయి
దెబ్బకొట్టి వచ్చే రకం.
ఎత్తుకెక్కమన్నావా,
రోహిణి ఎండలో పొగాకు బేళ్లతో
గట్టెక్కే దున్నపోతే.

సుఖోయ్ అంటే ఒంగోలు గిత్త.
ఎంత బండైనా లాగుద్ది, ఎంత దూరమైనా పోద్ది,
ఇద్దరు తోలతారు.
మేత మాత్రం ఊరంతా కలిసి పెట్టాల.
అంత ఒళ్లు యాడ దాక్కుంటది?
శత్రువుకి చాలా ముందే కనపడిపోద్ది.
ముందరి జంట చక్రాలకి బురదరేకు కూడా ఉంటది,
మన లూనాకి ఉన్నట్టు.
అది చూసినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది.

తేజస్‌ని నేను ముట్టుకోలేదు, రిటైరయ్యాక వచ్చింది.
చిన్నది, చులాగ్గా తిరుగుద్ది, మోసేది తక్కువ అంటారు.
టైరు చూడకుండా నేనేం చెప్పను.

రవాణాది, ఏఎన్, దానికి కొట్లాట రాదు,
ఎవరన్నా తరిమితే పరుగూ రాదు.
వరదల్లో బియ్యం మూటలు దింపేది మాత్రం అదే.

ఇవన్నీ నిన్న టీకొట్టు పిల్లలకి చెబుతానే ఉన్నాను.
ఒకటి మాత్రం చెప్పలేదు.

ముత్తణ్ణ అని కొడగు కుర్రాడు, మిగ్ తోలేవాడు.
ఎక్కేముందు చక్రాన్ని బూటుతో చిన్నగా తన్ని
"మాల్‌కొండా, ఇంకెన్నిసార్లు దిగొచ్చు?" అనేవాడు.
ఆ రోజు వేలు పెట్టి తడిమి చూసి, రెండు, అన్నాను.
రెండూ మిగిలిపోయాయి.
సాయంత్రం దాకా కొత్త చక్రం షెడ్డు గుమ్మంలో పెట్టుకుని కూర్చున్నాను.
ఎక్కడో చెరకు తోటలో పడిందన్నారు.
ఇంజను ఒకటే దానికి.
ఒకటే ఉన్నదానికి రెండోది ఉండదు గదా.

నిన్న అవి సముద్రం వైపు నుంచి వచ్చాయి.
పాకల మీదుగా, ముందు చప్పుడు లేదు,
తర్వాత చప్పుడు తప్ప ఇంకేం లేదు.
బేరన్ల దగ్గర పొగాకు గుచ్చే ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు.
ఎవరిదో బర్రె తాడు తెంపుకుంది.
సుఖోయ్ చక్రాలు దించింది,
అడుగులో దిగుద్దేమో అన్నంత కిందికొచ్చింది.
టైరు పొగ కోసం చూశాను నేను,
రబ్బరు కాలిన ఆ వాసన కోసం.
తాకలేదు.
తాకకుండా లేచిపోయింది.
పరీక్షకి ఇంతవరకే అన్నారు.
జనం చప్పట్లు కొట్టారు.
నేను సిమెంటు రోడ్డు మీదికి వంగి చూశాను,
మచ్చ కూడా లేదు.

రోడ్డు తెరిచాక మొదట వచ్చింది ఉలవపాడు రొయ్యల బండి.
ఐసు కరిగి కారతా ఉంది, వెనక టైరు నూలు తేలింది.
డ్రైవరు కుర్రాడు తొందరలో ఉన్నాడు.
"ఇంకెంత దూరం వస్తదన్నా ఇది?"

జాకీ తీసుకురా అన్నాను.
ఆ లెక్క నేను చెప్పను.