మందపాటి బోర్డు

దొర్దోయ్ బజారులో మా కొట్టు ఒక ఓడ పెట్టె.
ఓడ ఎలా ఉంటుందో నేను చూళ్ళేదు,
సముద్రం లేని దేశంలో పుట్టినదాన్ని.
జనవరిలో రేకు గోడకి లోపలివైపు కూడా మంచు పేరుకుంటుంది.
గోరుతో దాని మీద రాస్తాను: ఐజిరెక్.
మధ్యాహ్నానికి నా పేరు కారిపోతుంది.

సల్కిన్ ఎజె దాన్ని ఉన్ని శాలువాలో చుట్టి తెచ్చింది,
మాడిన రొట్టె తిరిగిచ్చేయడానికి వచ్చినట్టు, కోపంగా.
"పదో నంబరు ట్రాలీబస్సు. మలుపులో ఆగిపోయింది.
నలభై మంది దిగి తోశారు.
తోస్తూ నన్నే తిట్టారు."
బల్ల మీద పెడితే దబ్బుమంది.
బోర్డు కాదది, బండ.
ఎనిమిది పొరలు, పొర పొరకీ రాగి.

పోయిన వారం ఇలాంటిదాన్నే ఒకదాన్ని నేను చంపాను.
ఫోన్లకి అలవాటు పడ్డ చెయ్యి నాది.
ఫోను బోర్డు అప్పడం లాంటిది,
వేడిగాలి చూపిస్తే చాలు.
దీనికి ఎంత గాలి పోసినా
లోపలి రాగి తాగేసి, ఇంకా అంది.
నాలుగు వందల ఎనభైకి పెంచాను.
పైన మాడింది, అడుగున కరగలేదు.
ఓపిక చచ్చి పట్టకారుతో లాగాను.
చిప్పు వచ్చింది,
దాని వెంట సన్నటి రాగి రేకులూ లేచి వచ్చాయి,
గోటితో పాటు చర్మం లేచినట్టు.

ఉస్తా తిట్టలేదు.
ఆ చచ్చిన బోర్డుని నా టీ గిన్నె కింద పెట్టాడు.
వారంగా దాని మీదే తాగుతున్నాను.

ఇవాళ గాలి ముట్టుకోలేదు ముందు.
అడుగున వేడి పలక, నూట నలభై దగ్గర.
పక్కనున్న కెపాసిటర్లకి పసుపు టేపు కప్పాడు.
చిప్పు కాళ్ళ వెంట ఫ్లక్స్ పూశాడు.
పెట్టె నిండా గుగ్గిలం వాసన.
"ఇప్పుడు?" అన్నాను.
"ఇప్పుడు టీ."

తాగుతూ, ఎవరూ అడక్కుండానే చెప్పాడు.
తన ముందు పుట్టిన ముగ్గురూ నిలవలేదట.
నాలుగోవాడికి వాళ్ళమ్మ టోక్తోసున్ అని పెట్టింది.
ఆగనీ, వీణ్ణి ఉండిపోనీ, అని.
"ఉండమనే పేరు పెట్టించుకుని
ముప్పయ్యేళ్ళుగా ఊడదీస్తున్నాను."
నవ్వితే పొగలాంటి ఆవిరి.
నేను గడియారం చూశాను.
ఆయన బోర్డు అంచుకి ముంజేయి ఆనించి చూశాడు.

ఎనిమిదో నిమిషంలో గాలి అందుకున్నాడు.
వెడల్పు మూతి, మూడు వందల యాభై,
ఒకచోట నిలపకుండా, దోసె పెనం మీద నూనె తిప్పినట్టు.
ఏమీ కాలేదు.
ఇంకా ఏమీ కాలేదు.
అప్పుడు ఒక మూల టంకం మసక వదిలి తడిగా మెరిసింది,
ఆ మెరుపు నాలుగు వైపులా పాకింది.

లాగుతాడనుకున్నాను.
పట్టకారు కొసతో చిన్నగా తట్టాడు, అంతే.
చిప్పు పక్కకి జరిగింది.
జరిగి, తనంతట తనే
మళ్ళీ వెనక్కి జారింది,
అరవై నాలుగు కాళ్ళూ ఏ గడప ఆ గడపలోకి.
"తిరిగొచ్చిందా?" అన్నాడు.
"వచ్చింది."
"అయితే తియ్యొచ్చు.
రానిది ఇంకా ఎక్కడో పట్టుకునే ఉన్నట్టు."

తీశాడు.
పాల మీద మీగడ తీసినట్టు.
కింద అరవై నాలుగు వెండి చుక్కలు,
ఒక్కటీ చెదరలేదు.

ఊదబోయాను.
నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాడు.
అడుగు పలక ఆపేసి ఊరుకున్నాడు.
బోర్డు లోపల ఎక్కడో టిక్ మంది.
చాలాసేపటికి మళ్ళీ.

సల్కిన్ ఎజె అంతసేపూ తలుపు దగ్గరే నిలబడి ఉంది.
ఇప్పుడు వచ్చి ఒక చేతి తొడుగు తీసింది,
ఆరుతున్న పలక పైన అరచెయ్యి చాపింది.
"ఎంతవుతుంది?"
కొత్త చిప్పుతో కలిపి చెప్పాడు.
"బస్సు ఏమైనా నాదనుకున్నావా?"
కొంచెం తగ్గించాడు.
ఆవిడ ఇంకొంచెం అంది.
నేను టీ గిన్నె ఎత్తి, కింద ఉన్నదాన్ని చూసి, మళ్ళీ పెట్టాను.
బేరం సాగుతూనే ఉంది.
ఆవిడ చెయ్యి మాత్రం
అక్కణ్ణించి తియ్యలేదు.