నాలుగంకెల పుట్టినరోజు

డెమింగ్‌లో గాలి రెండు రోజులుగా ఆగలేదు.
షెడ్డు రేకులు టపటపమంటూనే ఉన్నాయి.
ఉల్లి పొలాల దుమ్ము నా కాఫీ అడుగున పేరుకుంది.

హైవే దిగి, ఆచి తూచి మలుపు తిరిగి
ఇల్లంత బండి వచ్చి ఆగింది.
ఇల్లే అనుకోండి. కిటికీలకి గళ్ళ పరదాలు,
స్టీరింగు పక్కన టేపేసి అతికించిన నాగజెముడు కుండీ.

దిగిన పెద్దాయన పేరు ఆర్లో హేస్కెట్.
టైరు చూపించకముందే కార్డు చూపించాడు.
సభ్యత్వం కార్డు. అంచులు అరిగిపోయి,
పర్సులో చంటిపిల్ల ఫొటో దాచుకునే చోట.

చలికాలమంతా ఇలాంటివాళ్ళే మా కొట్టుకి.
మంచు తప్పించుకుని దక్షిణానికి దిగి
ఎండలో కుర్చీలేసుకుని ధరలు మాట్లాడుకుంటారు.
కార్డుంటే టైరుకి డెబ్బై రెండు తగ్గుతుంది, అబద్ధం కాదు.
ఆరు టైర్లు. నాలుగువందల ముప్ఫై రెండు.
ఆ లెక్క ఆయన కవరు వెనక ముందే వేసుకొచ్చాడు,
కింద రెండు గీతలు కొట్టి.

గీతల కింద రాయనివన్నీ
కౌంటరు వెనక నుంచి దోన్యా రేముండా అడిగింది,
సొంత తమ్ముణ్ణి అడిగినట్టు.
కార్డుకి ఏడాదికెంత కడతావు? ఎనభై.
మా కొట్టు కోసం ఎంత చుట్టు తిరిగొచ్చావు? నూటయాభై మైళ్ళు.
డీజిలు? డెబ్బయ్యారు.
రాత్రి పార్కులో బస? నలభై.
వెరసి మిగిలింది రెండువందల ముప్ఫై ఆరు.
"అవీ డబ్బులేగా" అన్నాడాయన.
డబ్బులే. నేను కాదన్నానా?
నాకు గంటకి పద్దెనిమిది.

మోకాళ్ళ మీద కూచుని
కార్డు ధర టైరు పక్కగోడని తడిగుడ్డతో తుడిచాను.
ప్రతి టైరుకీ అక్కడ పుట్టినరోజు ఉంటుంది.
నాలుగంకెలు. ముందు రెండూ వారం, వెనక రెండూ సంవత్సరం.
ఈ ఆరూ పుట్టి మూడేళ్ళు,
మూడేళ్ళూ గోదాము చీకట్లోనే.
ఒక్క మైలు తిరగకపోయినా రబ్బరుకి వయసొస్తుంది.
ఈ ఇళ్ళబండ్ల టైర్లు అరిగి చావవు,
గాళ్ళు నిండుగా ఉండగానే, నిలబడ్డచోటే పగుళ్ళిస్తాయి.
ఏడేళ్ళు దాటినదాన్ని నేనైతే నమ్మను.

పూర్తి ధర సరుకు పోయిన నెలది.
దానికి కార్డు చెల్లదు.

సుద్దముక్కతో నేల మీద రాశాను:
కొత్తవి ఏడేళ్ళు, ఏడాదికి నాలుగువందల అరవై మూడు.
కార్డువి నాలుగేళ్ళు, ఏడాదికి ఏడువందల రెండు.
దుమ్మొచ్చి సగం కప్పేసింది.
మిగతా సగం సరిపోయింది.

ఆర్లో చాలాసేపు చూశాడు.
అర్థం కాక కాదు.
"అబ్బాయ్, నాకు ఎనభై ఒకటి" అన్నాడు.
"నాలుగు చాలవూ?"

బోల్టులు విప్పే గన్ను ఊరికే ఒకసారి నొక్కాను.
ఏదో ఒక చప్పుడు కావాలి కదా.

అప్పుడు బండి మెట్టు మీద ఆవిడ, విల్మా.
ఓ చేతిలో సగం ఒలిచిన బంగాళాదుంప, ఓ చేతిలో కత్తి.
ఎప్పట్నుంచి వింటోందో.
"కొత్తవే వెయ్యి" అంది నాతో,
ఆయనతో కాదు.
"ఆ నాలుగేళ్ళూ ఆయన తోలతాడు.
మిగతా మూడూ నేను తోలుకుంటా."
మళ్ళీ తొక్క తీయడం మొదలెట్టింది,
ఎక్కడా తెగకుండా.

ఆయన కార్డు పర్సులో పెట్టలేదు. వేళ్ళ మధ్య తిప్పుతూ
"వాల్వులకైనా పనికొస్తుందా ఇది?" అన్నాడు.
దోన్యా రేముండా కళ్ళజోడు పెట్టుకుంది,
ధరల పుస్తకంలో ఏదో పేజీ తిప్పింది,
"వాల్వుకి మూడు తగ్గుతుంది" అంది.
మా పుస్తకంలో అలాంటి తగ్గింపే లేదు.

ఆర్లో కవరు తీశాడు.
పద్దెనిమిది అని రాసుకుని
కింద రెండు గీతలు కొట్టాడు.