తరుగు

విభూతి బుధవారం పొద్దుగాల
ఫాతిమానగర్ గుడిల చిన్నప్ప ఫాదర్
నా నుదుటి మీద బూడిద రాసి
"మన్నువు, మల్ల మన్నుల కలుస్తవు" అన్నడు.
పది గొట్టేసరికి ఎనుమాముల మార్కెట్ల
ఆ బూడిద మీద మిర్చి దుమ్ము కూసుంది.
చెమట తుడిస్తే రెండూ కలిసి కండ్లల్ల వడ్డయి.
ఈ యార్డుల అందరి కండ్లూ కారుతయి,
ఎవరు ఏడుస్తున్నరో ఎరుక గాదు.

పోయినేడు తపస్కాలంల కూర మానేసిన.
అంతకు ముందేడు బీడీ.
ఈస్టరు తెల్లారి రెండిట్నీ మల్ల ఇంట్లకు తెచ్చుకున్న.
ఈసారి ఏదీ మానెయ్యను,
నాలుగింటికి లేసి మోకాళ్లూనుతనన్న.
ఫిలోమిన నవ్వింది:
"మోకాళ్ల మీద నిద్రవోతె దెబ్బ తగుల్తది, పైలం."

మొదటి వారం నిద్రే వొయిన.
రెండో వారం జపమాల పూసలు లెక్కవెడుతుంటె
బస్తాల లెక్క వచ్చింది.
నలభై రెండు, నలభై ఒకటిన్నర, నలభై మూడు.
"మా అనుదిన ఆహారము" దగ్గర
అడ్తి సేటు గొంతు వినవడ్డది:
"శౌరీ, తరుగు రాసినవా?"

ఫాదర్‌కు చెప్పిన.
ఆయన ఉపదేశం చేస్తడనుకుంటె
చెవి గోక్కుంట అడిగిండు:
"దేవునితో ఎంతసేపు మాట్లాడుతవు?"
అర్ధగంట, ఫాదర్.
"ఆయనకెంత సేపిస్తవు?"

ఆ రాత్రి సంది నోరు మూసుకున్న.
మాటల్లేకుంట కూసోవుడు
కాంటా మీద ఖాళీ బస్తా వెట్టినట్టుంటది.
అంకె కదలది, కండ్లు తిప్పుకోలేవు.
కాజీపేట దిక్కు గూడ్సు బండి కూత,
పక్కింట్ల పసిపిల్ల దగ్గు,
ఎలుక.
ఇగ ఏమీ లేదు.
మూడు దినాలు ఏమీ లేదు.

నాలుగో దినం ఒక పేరొచ్చింది.
అజ్మీరా సోమ్లా.
పునీతుల పేరు గాదు. రేగొండ అవతలి తండా.
జనవరిల ఇరవై మూడు బస్తాల తేజ తెచ్చిండు.
బస్తకు రెండు కిలోలు తేమ కింద కొట్టేసిన.
కాయ ఎండి గలగలమంటున్నది,
పిడికిట పట్టి చూసిన చెయ్యి నాదే.
సోమ్లా ఏమన్లేదు.
చీటీ మడిచి తలరుమాలు కొసన ముడేసుకున్నడు.

తండ్రీ, ఇది గాదు నేనడిగింది.
నేను శాంతి అడిగిన,
పోరగానికి ఐటీఐల సీటడిగిన.
మల్ల మూసిన కండ్ల ముందట
అదే తలరుమాలు, అదే ముడి.

శుక్రవారం సిలువ మార్గానికి వోకుండ
పరకాల బస్సెక్కిన.
జేబుల ఎనిమిది వందలు.
నలభై ఆరు కిలోలల్ల నా వంతు అంతే,
తక్కింది సేటుది.
తండాల సోమ్లా భార్య మంచినీళ్లిచ్చింది.
ఉపవాసమని చెప్పబుద్ధి గాలే, తాగిన.

సోమ్లా తోటల నుంచొచ్చి
కథంతా నిలబడి విన్నడు.
నోట్లు రెండుసార్లు లెక్కవెట్టిండు.
క్షమించిన్నన్లేదు, తిట్టలేదు.
"తక్కింది?" అన్నడు.

వచ్చేటప్పుడు బస్సుల
పుస్తకంల ప్రార్థన ఒక్కటీ గుర్తుకు రాలే.
తక్కింది? తక్కింది? అంటున్నయి చక్రాలు.
నలభై ఏండ్ల సంది నేనే అడుగుతున్న,
నన్నెవరో అడుగుడు ఇదే మొదటిసారి.

ఇంటికొచ్చేసరికి గుడి తలుపులు మూసిండ్రు.
బయట మెట్ల మీద కూసున్న.
మోకాళ్లూనలే. చేతులు జోడించలే.
సేటుకు ఏమని చెప్పాలె,
కొలువు వోతె ఫిలోమినకు ఏమని చెప్పాలె,
ఇదంత ప్రార్థన కిందికి వస్తదో రాదో.

తెల్లారి నర్సంపేట ఆడిమనిషి తొమ్మిది బస్తాలు దింపింది.
కాంటా మీద ఎర్ర అంకె: నలభై ఒకటి మీద మూడు వందల గ్రాములు.
సేటు గల్లా దగ్గర నుంచి చూస్తున్నడు.
పెన్ను తీసిన.
చెయ్యి వణికింది గని
మూడు వందల గ్రాములూ రాసిన.